ఫ్యామిలీ యాక్షన్ సినిమా: ఫైట్ కంటే ముందు ఆ ఇంట్లో మనం అన్నం తిన్నామా?

రెండోఆట
నిన్న రాత్రి అమ్మతో కలిసి 'అరవింద సమేత వీర రాఘవ' మళ్లీ చూశాను. మా అమ్మకి ఫైట్లు పడవు. తెరమీద ఎవడైనా చొక్కా చేతులు మడిచాడంటే చాలు, "స్టవ్ మీద పాలున్నాయి" అని లేస్తుంది. స్టవ్ మీద పాలు ఉండవు, అది వేరే సంగతి. అలాంటిది నిన్న మొదటి ఫైట్ మొత్తం కదలకుండా చూసింది. ఏళ్ల తర్వాత ఊరికి వస్తున్న కొడుకు, పక్కనే తండ్రి (నాగబాబు), దారిలో దాడి, తండ్రి పోవడం, ఆ తర్వాత కొడుకు విరుచుకుపడటం. అదంతా అయ్యాక వాడు నాయనమ్మ దగ్గరికి వచ్చే దాకా కూర్చుంది. హైదరాబాద్ సీన్లు మొదలయ్యాక వెళ్లి పడుకుంది.

నాకు తోచింది ఇది. ఫైట్ ఎంత పెద్దదన్నది కాదు లెక్క. దెబ్బ తగిలేవాడి ఇల్లు మనకి ముందే తెలిసి ఉండాలి. ఆ ఇంట్లో మనం ఒక పూట అన్నం తిన్నట్టు ఉండాలి. ఈమధ్య వస్తున్న సినిమాల్లో కుటుంబం అంటే ఒక గ్రూప్ ఫొటో, ఒక పండగ పాట, అంతే. మీరేమంటారు?

ఫస్ట్‌డేఫస్ట్‌షో
బ్రో, నేను టికెట్ కొనేది అన్నం తినడానికి కాదు. ఇంటర్వెల్ దగ్గర థియేటర్ లేవాలి, కాగితాలు ఎగరాలి. సెంటిమెంట్ పది నిమిషాలు చాలు. మిగతాదంతా ల్యాగ్.

రెండోఆట
ఒక్క మాట చెప్పు. ఆ కాగితాలు ఎగరేసినప్పుడు కొట్టేవాడు ఎవరికోసం కొడుతున్నాడో తెలియకుండానే ఎగరేశావా?

ఫస్ట్‌డేఫస్ట్‌షో
ఇంట్రడక్షన్ ఫైట్‌కి తెలియకుండానే ఎగరేశా 😀 ఇంటర్వెల్‌కి మాత్రం తెలిసే ఎగరేశా. సరే, ఒప్పుకుంటా.

పాతరీలు
ఈ దారం (థ్రెడ్) చూసి చాలా రోజులకి లాగిన్ అయ్యాను. మీరంతా 2018 దగ్గర మొదలుపెట్టారు, నేను ఇరవయ్యేళ్లు వెనక్కి తీసుకెళ్తాను. 1998లో కృష్ణవంశీ తీసిన 'అంతఃపురం' మళ్లీ చూడండి. అందులో ఫ్యాక్షన్ ఉంది, బాంబులు ఉన్నాయి, ప్రకాష్ రాజ్ ఉన్నాడు. కానీ కథ చూసేది ఎవరి కళ్లతో? పెళ్లి చేసుకుని ఆ ఇంటికి వచ్చిన కోడలి కళ్లతో. సౌందర్య. ఆ అమ్మాయికి ఆ ఇల్లు కొత్త, మనకీ కొత్తే. ఏ గది ఎటు, ఎవరు ఎవరితో మాట్లాడరు, మామగారు ఇంట్లోకి వచ్చేటప్పటికి ఆడవాళ్లు ఎలా సర్దుకుంటారు, అన్నీ ఆమెతో పాటు మనం నేర్చుకుంటాం. భర్త (సాయికుమార్) పోయాక అదే ఇల్లు జైలు అవుతుంది. గోడలు మారలేదు, ఇల్లు మారిపోయింది.

అత్తగా శారద. కొడుకుని పోగొట్టుకున్న తల్లి, భర్తకి ఎదురు చెప్పలేని మనిషి. ఆవిడ ఏడుపు కంటే ఆవిడ మౌనం నాకు ఎక్కువ గుర్తుంది. జగపతిబాబు ఆ సినిమాలో వేసింది చిన్న దొంగ వేషం. హీరో కాదు, ఇంటివాడు కూడా కాదు. ఇంటివాళ్లు చేయలేని పని బయటివాడు వచ్చి చేయాల్సి వచ్చింది. ఆ సంగతి నాకు ఇప్పటికీ బరువుగానే ఉంటుంది.

ఆ రోజుల్లో మా ఊరి థియేటర్‌లో రెండో ఆటకి ఆపరేటర్ త్వరగా ఇంటికెళ్లాలని పాటలు లేపేసేవాడు. జానకి గారు పాడిన 'సూరీడు పువ్వా' కూడా లేపేశాడు. మరుసటి రోజు మ్యాట్నీకి మళ్లీ వెళ్లి విన్నాను.

సీమబిడ్డ
అన్నా, సినిమాలు మంచివే, కాదనను. మా బాధ కూడా కొంచెం వినండి. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి', 2001 సంక్రాంతికి 'నరసింహనాయుడు', మరుసటి ఏడాది 'ఆది', 'ఇంద్ర'. నేను హైదరాబాద్‌లో కాలేజీలో చేరిన మొదటి రోజు హాస్టల్‌లో అడిగిన ప్రశ్న, "మీ ఇంట్లో బాంబులు ఉంటాయా?" మా ఇంట్లో వేరుశనక్కాయల మూటలు ఉండేవి. వానల్లేక అవీ సగం గింజ పట్టనివి.

సీమ ఇల్లంటే మిద్దె, ముందు నాలుగు సుమోలు, వెనక కత్తులు అని చూపించారు. ఆ మిద్దె మీద మా అవ్వ ఎండబెట్టే చింతపండు ఏ సినిమాలోనూ లేదు.

అరవింద సమేతలో నాకు నచ్చింది ఆ ఐదు రూపాయల సంగతి. పేకాటలో ఐదు రూపాయల దగ్గర మొదలైన గొడవ రెండు ఊళ్లని తినేసింది. తగాదాలన్నీ అంత చిన్నగానే మొదలవుతాయి. గట్టు మీద ఒక చెట్టు, నీళ్ల వంతులో ఒక గంట, పెళ్లిలో పిలుపు సరిగ్గా లేదని. పాలోళ్ల (దాయాదుల) గొడవలు చూసినవాడికి ఇది తెలుసు. విలన్‌కి పెద్ద కారణం ఉండాలని కథలు రాసేవాళ్లు తెగ కష్టపడతారు గానీ ఐదు రూపాయలు చాలు.

ఇంకొకటి, 'పెనివిటి' పాట. పెనివిటి అంటే పెనిమిటి, మొగుడు. మా వైపు ఆ మాట ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వస్తుంది. రామజోగయ్య శాస్త్రి గారు ఆ ఒక్క మాట పట్టుకుని, కత్తి పట్టి వెళ్లినవాడి గురించి కాకుండా అన్నం గిన్నె ముందు పెట్టుకుని ఎదురుచూసే ఆడమనిషి గురించి రాశారు. కాలభైరవ పాడాడు. థియేటర్‌లో నా పక్క సీటు పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం చూశాను.

మోడరేటర్
ఇద్దరు ముగ్గురు కులాల పేర్లతో పెట్టిన పోస్టులు తీసేశాను. సినిమా పేర్లలో ఉన్నవి సరే, అంతకుమించి వద్దు. హీరోల కలెక్షన్లకి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి.

వంటింటికిటికీ
అందరూ అమ్మ, అవ్వ, అత్త అంటున్నారు కాబట్టి నేనూ ఒక మాట. ఈ సినిమాల్లో ఆడవాళ్లకి మూడే పనులు. వడ్డించడం, గుండె మీద చెయ్యి వేసుకోవడం, నుదుటిన బొట్టు పెట్టి పంపడం. 'నరసింహనాయుడు'లో ఊరిని కాపాడటానికి ఇంటికో కొడుకుని ఇమ్మంటారు. విశ్వనాథ్ గారి పాత్ర తన కొడుకునీ ఇస్తుంది. గొప్ప సీనే. కానీ ఇచ్చేది తండ్రులు. తొమ్మిది నెలలు మోసినవాళ్లని "నీకు సమ్మతమేనా" అని కూర్చోబెట్టి అడిగిన గుర్తు నాకు లేదు.

అందుకే అరవింద సమేత చివర నాకు నచ్చింది. జగపతిబాబు వేసిన బసిరెడ్డి తన కొడుకునే చంపుకుంటాడు. చివరికి నిలబడేది అతని భార్య, ఈశ్వరీరావు చేసిన పాత్ర. రెండున్నర గంటలు మగవాళ్లు నరుక్కున్నాక మాట ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఆలస్యంగా వచ్చింది, సినిమా అయిపోయే ముందు వచ్చింది. అయినా వచ్చింది.

@రెండోఆట, మీ అమ్మగారు పాల కోసం లేవడం గురించి. మేము లేచేది ఫైట్ నచ్చక కాదండీ. ఆ టైమ్‌లో తెరమీద మాకు పనేమీ ఉండదు, అందుకని.

రెండోఆట
ఈ మాట అమ్మకి చెప్పాను. నవ్వి ఊరుకుంది.

ఎడిటింగ్‌టేబుల్
గుండె మీద చెయ్యి అన్నారు కాబట్టి దాని వెనక కథ చెప్తాను. నేను కొన్నేళ్లు ఎడిటింగ్ అసిస్టెంట్‌గా చేశాను. పెద్ద ఫైట్ రోజుల తరబడి తీస్తారు. తాళ్లు, రోప్ తీసేవాళ్లు, దుమ్ము లేపేవాళ్లు, విరగడానికి ముందే సగం కోసి పెట్టిన బల్లలు. ఇదంతా అయ్యాక ఆఖరి రోజు సాయంత్రం వెలుతురు పోతుండగా ఎవరికో గుర్తొస్తుంది, "అమ్మ రియాక్షన్ తీయలేదు" అని.

ఆవిడ పొద్దుటి నుంచి మేకప్ వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంటుంది. తీసుకొచ్చి నిలబెడతారు. ఎదురుగా హీరో ఉండడు, వెళ్లిపోయి ఉంటాడు. ఒక లైట్ స్టాండ్‌కి గుడ్డ కట్టి "ఇదే బాబు, ఇటు చూడండమ్మా" అంటారు. అసోసియేట్ డైరెక్టర్ పక్కన నిలబడి అరుస్తాడు, "ఇప్పుడు వెనక నుంచి పొడిచారు! ఇప్పుడు పడ్డాడు! ఇప్పుడు లేచాడు!" ఆవిడ ఆ గుడ్డని చూసి భయపడి, ఏడ్చి, గర్వపడాలి. అన్నీ పది నిమిషాల్లో. మేము ఆ ముక్కల్ని కావలసిన చోట అతికిస్తాం. ఒక సినిమాలో ఏ ముక్క ఎక్కడ పెట్టినా సరిపోయింది. మా ఎడిటర్ గారు నవ్వలేదు. "అంటే ఈవిడ ఈ ఫైట్‌లో లేనట్టే" అన్నారు.

నేను నేర్చుకున్నది అదే. ఏ ముక్క ఎక్కడైనా సరిపోతే ఆ మనిషి కథలో లేనట్టు. మీరు చెప్పిన అరవింద సమేత మొదటి ఫైట్‌లో దూరంగా నిలబడి ఏడ్చేవాళ్లు ఎవరూ అక్కర్లేదు, ఎందుకంటే కారణం కళ్ల ముందే ఉంది. తండ్రి. రామ్ లక్ష్మణ్ మాస్టర్ల ఫైట్ కంపోజింగ్ గురించి అందరూ మాట్లాడతారు, తమన్ సౌండ్ గురించి మాట్లాడతారు. నిజమే, బాగా చేశారు. కానీ ఆ కార్లో తండ్రీకొడుకులు మాట్లాడుకున్న కాసేపు లేకపోతే అది మామూలు నరుకుడే.

గోదారిగట్టు
అరవింద సమేత వచ్చిన 2018లోనే, ఆగస్టు 29న, హీరో జూనియర్ ఎన్టీఆర్ నాన్న హరికృష్ణ గారు పోయారు. అక్టోబరు 11న సినిమా వచ్చింది. తండ్రి పోయిన సీన్లు చూస్తుంటే థియేటర్‌లో ఎవరూ అరవలేదు. ఫ్యాన్స్ షోలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. అది నటన ఎంతో, మన గుండెలో ఉన్నది ఎంతో విడదీయలేం.

ఫస్ట్‌డేఫస్ట్‌షో
ఆ షోలో నేనూ ఉన్నా. నిజం.

గోదారిగట్టు
ఒకటి మాత్రం అడగాలి. ఫ్యామిలీ అంటే ఫ్యాక్షన్, మిద్దె, జీపులే ఎందుకవుతోంది? 'ఒక్కడు' (2003) తీసుకోండి. పాతబస్తీలో మామూలు ఇల్లు. నాన్న పోలీసు, కొడుకు కబడ్డీ ఆడుకునేవాడు. కర్నూలు నుంచి అమ్మాయిని తీసుకొచ్చి ఆ పోలీసు ఇంట్లోనే తన గదిలో దాచాడు. అసలు టెన్షన్ విలన్ దగ్గర లేదు, మెట్ల మీద ఉంది. ఎవరు పైకి వస్తారు, ఎవరు తలుపు కొడతారు అని. ఇంటి మెట్లని అంత బాగా వాడుకున్న యాక్షన్ సినిమా తక్కువ.

'మర్యాద రామన్న' (2010) కూడా. గడప లోపల ఉన్నంతసేపు అతిథి, దాటితే చంపేస్తారు. మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా అని అందరికీ తెలుసు. కానీ గడప అనగానే మనకి తట్టేది వేరు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అది. దాని మీద కూర్చోవద్దని చిన్నప్పుడు తిట్లు తిన్నాం. రాజమౌళి దాన్ని చావుకీ బతుక్కీ మధ్య గీత చేసేశారు. కొట్లాట తక్కువ, భయం ఎక్కువ.

కథరాసుకుంటున్నా
అందరికీ నమస్కారం. ఎప్పుడూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నేను ఒక కథ రాసుకుంటున్నాను. మీ మాటలు విన్నాక భయం వేసింది, అందుకే ఇక్కడ పెడుతున్నా. నిర్మొహమాటంగా చెప్పండి.

డెల్టాలో ఒక పల్లెటూరు. ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోయాక పెద్దమనుషుల్ని పిలిచి పంచుకుంటారు. పొలం, ఎడ్లు, ఇత్తడి బిందెలు, గుండిగలు, మంచాలు అన్నీ. ఇంటి మధ్యలో గోడ కడతారు. తల్లి ఆర్నెల్లు ఇటు, ఆర్నెల్లు అటు. అన్న రొయ్యల చెరువులకి అప్పు చేసి మునిగిపోతాడు. అప్పు ఇచ్చినవాడి మనుషులు ఇంటి మీదికి వస్తారు. పదేళ్లుగా అన్నతో మాటల్లేని తమ్ముడు (హీరో) గోడ బద్దలుకొట్టుకుని అవతలికి దూకుతాడు. అదే ఇంటర్వెల్.

ఫస్ట్‌డేఫస్ట్‌షో
గోడ బద్దలుకొట్టి రావడం!!! థియేటర్ లేస్తుంది బ్రో. ఇటుకలు స్లో మోషన్‌లో. నేను కాగితాలు రెడీ చేసుకుంటా.

వంటింటికిటికీ
కథ బాగుంది. రెండు ప్రశ్నలు. ఒకటి, గోడ బద్దలైనప్పుడు అమ్మ ఏ వైపు ఉంది? రెండు, వీళ్లకి ఆడపిల్లలు లేరా?

కథరాసుకుంటున్నా
అమ్మ... అప్పటికి ఎటువైపో అనుకోలేదండీ. చెల్లెలు ఉంది. పెళ్లయిపోయింది. మొదట్లో పెళ్లి పాట ఉంది. సెకండాఫ్‌లో రాఖీ సీన్ పెడదామని.

వంటింటికిటికీ
అదీ సంగతి. పాటకి ఒకసారి, రాఖీకి ఒకసారి. బాబూ, మన రాష్ట్రంలో ఎన్టీఆర్ గారి ప్రభుత్వం అప్పటికి పెళ్లికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం చేసింది. 1986 చట్టం, 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. 2005లో దేశం మొత్తానికీ వచ్చింది, పెళ్లైనవాళ్లకి కూడా. మన సినిమాల్లో మాత్రం ఇప్పటికీ పెద్దమనుషులు రెండు వాటాలే వేస్తారు. మూడో వాటా మనిషి గుమ్మం దగ్గర మంచినీళ్లు అందిస్తూ ఉంటుంది. ఆ అమ్మాయి "నా సంతకం లేకుండా ఈ కాగితం చెల్లదన్నయ్యా" అని ఒక్క మాట అంటే నీ పంచాయితీ సీన్ మొత్తం వేడెక్కుతుంది. ఆమె ఆస్తి తీసుకోవాలని కాదు. అడిగితే ఏమవుతుందో చూపించు.

పాతరీలు
ఇది విన్నాక నాకు పాత సినిమాలు పది గుర్తొచ్చాయి. అన్నింట్లోనూ చెల్లెలు మంచినీళ్లే ఇచ్చింది. కథరాసుకుంటున్న బాబూ, ఈ సలహా వదులుకోకు.

సీమబిడ్డ
తమ్ముడూ, నాది కూడా ఒకటి. మా చిన్నాయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఇట్లాగే గోడ లేచింది. మగవాళ్లకి మాటల్లేవు. కానీ వంటింటి దగ్గర ఒక ఇటుక ఊడిపోయి ఉండేది. ఊడిందో, ఊడదీశారో! మా అవ్వ ఆ కంతలోంచి ఊరిబిండి (పచ్చడి) గిన్నె అవతలికి అందించేది. అటువైపు నుంచి ఖాళీ గిన్నె రాదు, అందులో ఏదో ఒకటి పెట్టి పంపేవాళ్లు. మా నాయనకి తెలుసు. తెలియనట్టు ఆ వైపు పోయేవాడు కాదు.

గోడ బద్దలుకొట్టే ముందు ఆ గోడలో ఒక కంత పెట్టుకో.

ఎడిటింగ్‌టేబుల్
అబ్బ. ఇది దొరికాక ఇంకేం కావాలి. ఫస్టాఫ్‌లో ఆ కంతలోంచి గిన్నెలు మూడుసార్లు వెళ్లాలి. ఎక్కడా డైలాగ్ వద్దు. ఇంటర్వెల్‌కి గిన్నె వెళ్తుంది, అవతల అందుకునే చెయ్యి ఉండదు. గిన్నె కిందపడిన శబ్దం. ఇటువైపు తమ్ముడు తల తిప్పుతాడు. తర్వాత అరుపులు. నీ గోడ ఎన్ని ఇటుకలతో పగిలినా, థియేటర్ లేచేది ఆ గిన్నె శబ్దానికే. మేము కూడా లైట్ స్టాండ్‌కి గుడ్డ కట్టక్కర్లేదు.

ఫస్ట్‌డేఫస్ట్‌షో
నేను గిన్నె దగ్గరే ఎగరేస్తా అయితే. కానీ ఇటుకల స్లో మోషన్ తీసేయొద్దు ప్లీజ్.

గోదారిగట్టు
ఒక జాగ్రత్త. రొయ్యల అప్పు అన్నావు. వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువు మొత్తం వారంలో పోయిన ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి. రాత్రి చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే ఇంట్లో అందరూ లేచి కూర్చుంటారు, ఆ చప్పుడు ఆగడమే మెలకువ తెప్పిస్తుంది. అన్నని తాగుబోతునో జూదగాడినో చేయకు. కష్టపడి మునిగినవాడిని చేయి. అప్పుడు తమ్ముడు దూకడానికి అర్థం ఉంటుంది.

కథరాసుకుంటున్నా
మూడు రోజులు నిద్ర లేదండీ. తిరిగి రాశాను. ఇంటర్వెల్ ముందు సీన్ పెడుతున్నా.

*రాత్రి. చెరువుల వైపు నుంచి వచ్చే ఏరేటర్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. తమ్ముడికి మెలకువ వస్తుంది. గోడ అవతల అన్న ఇంట్లో లైటు వెలుగుతుంది. తమ్ముడు మంచం మీద కూర్చుని ఆ వెలుగు చూస్తాడు, కానీ లేవడు. ఈ ఆర్నెల్లూ తల్లి ఇటువైపే ఉంది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి, మూత తీసి, చద్దన్నంలో పెరుగు కలిపి, కంత దగ్గరికి వస్తుంది. గిన్నె అవతలికి పెడుతుంది. రోజూ అందుకునే పెద్దకోడలి చెయ్యి రాదు. గిన్నె అంచు మీద ఊగి, పడుతుంది. అవతల నుంచి ఎవరిదో కొత్త గొంతు, "ఎవర్రా అక్కడ?" తల్లి కంతలోంచి చెయ్యి వెనక్కి తీసుకోదు. తమ్ముడు ఆ చేతిని చూస్తాడు.*

చెల్లెలు సంతకం సీన్ కూడా రాశాను, అది పెద్దది, తర్వాత పెడతాను. రాఖీ తీసేశాను.

వంటింటికిటికీ
చెయ్యి వెనక్కి తీసుకోదు అన్నావు చూడు, అక్కడ ఆవిడకి పని దొరికింది.

పాతరీలు
బాగుంది. "లేవడు" అన్న చోట కాసేపు ఆగు. కంగారుగా దాటకు.

రెండోఆట
ఈ సీన్ అమ్మకి చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. కాసేపాగి, "అన్నీ పంచుకున్నారన్నావు కదా, పెరట్లో పాతిన రోలు ఎవరి వాటాకి వచ్చింది?" అని అడిగింది.

కథరాసుకుంటున్నా
రోలు రాయలేదండీ. అమ్మగారిని అడగండి, మీ ఇంట్లో అయితే అది గోడకి ఎటువైపు ఉండేది?